ఒక్కడికి ఎంత బియ్యం పోయాలి?

అందరికీ నమస్తే. నాకు స్టేజీ మీద మాట్లాడటం పెద్దగా రాదు, టెన్షన్‌గా కూడా ఉంది. ఈరోజు ఇక్కడ నల్లగొండలో కన్నవాళ్ల దగ్గర పెరగలేని పిల్లల్ని ఇంట్లో పెట్టుకొని పెంచుతున్న అమ్మానాన్నలు, అలాంటి పిల్లల హోముల్లో పనిచేసే అక్కలు, సార్లు ఉన్నారు కాబట్టి ఇంట్లో కూర్చొని మాట్లాడినట్టే మాట్లాడతాను.

నేను హోములో పెరిగినవాణ్ణి. పద్దెనిమిది నిండాక ఒక ట్రంకు పెట్టె, మెమోలు పట్టుకొని హైదరాబాద్ బస్సెక్కాను. రూము కోసం తిరిగితే ఓనర్లందరూ అడిగేది ఒకటే మాట, మీ నాన్న ఏం చేస్తాడు, పెద్దవాళ్లనెవరినైనా తీసుకురా అని. నాలుగో ఇంట్లో మా నాన్న పొలం చేస్తాడని అబద్ధం చెప్పి రూము తీసుకున్నాను. ఆ రాత్రి వంట మొదలుపెడితే అసలు సంగతి తెలిసింది. హోములో నేను వంటింట్లో సాయం చేసేవాణ్ణి, అరవై మందికి ఎంత బియ్యం పోయాలో కళ్లు మూసుకొని చెప్తాను, ఒక్కడికి ఎంత పోయాలో మాత్రం తెలియదు. మూడు రోజులు అదే అన్నం తిన్నాను, మూడో రోజు పులిసిపోయింది కూడా.

నవ్వండి, నవ్వాల్సిందే. కానీ గ్యాస్ బండ మార్చడం, కరెంటు బిల్లు కట్టడం, దవాఖానాలో ఓపీ చీటీ రాయించుకోవడం, ఇవేవీ నేను ఒక్కసారి కూడా చేసినవి కావు. అన్నీ ఎవరో ఒకరు చేసిపెట్టారు, ప్రేమతోనే చేశారు.

చట్టంలో ఏమీ లేదని కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం హోము నుంచి బయటికొచ్చే పిల్లలకు ఇరవై ఒక్క ఏళ్లు నిండేదాకా ఆఫ్టర్ కేర్, అంటే బయట నిలదొక్కుకోవడానికి సాయం, ఇవ్వొచ్చు, 2016 రూల్స్‌లో తప్పనిసరి పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు పొడిగించే వీలు కూడా ఉంది. దానికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4000 రూపాయల సాయం ఉంది. అదేమీ దానంతట అది రాదు, బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ వేయాలి, అందుకని పిల్లవాడు వెళ్లడానికి రెండు నెలల ముందే ప్లాన్ రాసి కమిటీకి ఇవ్వాలని రూల్స్‌లోనే రాసి ఉంది. ఇంకో సంగతి, చట్టంలో ఆఫ్టర్ కేర్ మాట హోముల నుంచి వచ్చేవాళ్ల గురించే. మీ ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు ఏం వర్తిస్తుందో జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇప్పుడే అడిగి పెట్టుకోండి, పదిహేడో ఏడు అయిపోయేదాకా ఆగకండి.

నా గొడవంతా ఈ రెండు నెలల దగ్గరే. రెండు నెలల్లో సంతకాలు పూర్తవుతాయేమో కానీ, పిల్లవాడికి ధైర్యం ఎక్కడొస్తుంది? పదిహేనేళ్లకే మొదలుపెట్టాలి. నెలకు ఓ ఐదొందలు చేతికిచ్చి సబ్బు, పేస్టు, రీచార్జి అన్నీ వాణ్ణే చూసుకోమనండి. పదో తారీఖుకే ఖర్చు పెట్టేసి వస్తాడు, అప్పుడు మళ్లీ ఇవ్వకండి, తిట్టనూ తిట్టకండి. మీ ఇంట్లో ఉండగా ఐదొందలు పోగొట్టుకుంటే మంచిదే, బయట ఎవడో లోన్ యాప్ వాడికి యాభై వేలు కట్టుకోవడం కన్నా! అంగడికి పంపండి, బ్యాంకుకు పంపండి, దేవరకొండకో మిర్యాలగూడకో ఒక్కణ్ణే బస్సెక్కించండి.

కాగితాల మాట తొందరగా చెప్పేస్తా. మైనర్ బ్యాంకు ఖాతా ఉంటే పద్దెనిమిది నిండాక మళ్లీ కేవైసీ చేయించాలి. మన దగ్గర రిజర్వేషన్లలో బీసీ ఏ గ్రూపు కింద అనాథ పిల్లలకు కూడా చోటుంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకొని, చూసే దిక్కులేక ప్రభుత్వ హోములోనో గుర్తింపు ఉన్న హోములోనో చేరినవాళ్లకు అది వర్తిస్తుంది. ఆ సర్టిఫికెట్ పని హోములో ఉండగానే తేల్చండి. బయటికొచ్చాక ఆఫీసుల చుట్టూ ఒక్కడే తిరగాలంటే, ప్రతి ఫారంలో తండ్రి పేరు దగ్గర పెన్ను ఆగిపోతుంటే, చాలామంది సగంలోనే వదిలేస్తారు. నేనూ ఒకసారి వదిలేశాను.

ఆడపిల్లల గురించి ఒక మాట, కోపం రావొచ్చు. పద్దెనిమిది నిండగానే సంబంధం చూసి పంపేస్తే బాధ్యత తీరిందని అనుకుంటున్నారు కొందరు. చదువు మధ్యలో ఆపి, చేతిలో పనేదీ లేకుండా, రేపు అక్కడ కుదరకపోతే తిరిగొచ్చేందుకు పుట్టిల్లు కూడా లేని పిల్లకు పెళ్లి చేయడాన్ని నేనైతే బాధ్యత అనను.

ఇక దసరా. నేను తర్వాత ఉన్న కాలేజీ హాస్టల్ సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందే ఖాళీ అయ్యేది, మెస్ మూసేసేవాళ్లు. ఊరికి పోలేదా అని వాచ్‌మెన్ అడిగితే పోతున్నానని చెప్పి ఎంజీబీఎస్ బస్టాండులో కూర్చునేవాణ్ణి. మొదటి ఏడాది అట్లాగే గడిచింది. రెండో ఏడాది మా హోములో వంట చేసే ఆయమ్మ, నా నంబరు ఎవరి దగ్గర తీసుకుందో గానీ, పొద్దున్నే ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. "కొడుకా, వస్తున్నవా? నీకు గూడ బియ్యం పొయ్యాల్నా?" అంది.