అటెన్యుయేటెడ్ అంటే చచ్చినది కాదు

సభకు నమస్కారం. పేరుపేరునా పలకరిస్తే ఇచ్చిన సమయం దానికే చాలదు, మన్నించండి.

బలహీనతను తెలిపే ఇంగ్లిష్ మాటలన్నిటి గురించీ చెప్పమన్నారు. ఒక్కదాని దగ్గరే ఆగుతాను: అటెన్యుయేటెడ్. పలికేటప్పుడు ఊనిక 'టె' మీద పడాలి. దీని మూలం లాటిన్‌లో పల్చదనం. జ్వరంతో మంచం పట్టిన మనిషికి ఈ మాట వాడరు, అతను డెబిలిటేటెడ్. చూపు తగ్గితే ఇంపెయిర్డ్. ఉన్నది ఉన్నట్టే ఉండి, దాని తీవ్రత మాత్రమే తగ్గితే అటెన్యుయేటెడ్.

అసలు గొడవ టీకాల దగ్గర. 'లైవ్ అటెన్యుయేటెడ్ వ్యాక్సిన్' కనిపించగానే తెలుగులో 'నిర్వీర్యమైన టీకా' అని రాసేస్తున్నారు. అయ్యా, తగ్గింది టీకా బలమా? కాదు, సూక్ష్మజీవికి జబ్బు చేసే శక్తి. పైగా ఆ జీవి బతికే ఉంది! చంపేస్తే దాన్ని ఇనాక్టివేటెడ్ అంటారు. పోలియో చుక్కల్లో ఉన్నది బతికున్న వైరస్, పోలియో ఇంజెక్షన్‌లో ఉన్నది చచ్చిన వైరస్. క్షయ టీకా బీసీజీ కోసం ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 దాకా ఆవుల క్షయ బాక్టీరియాను పైత్యరసం, గ్లిజరిన్, బంగాళదుంపల మీద సుమారు 230 సార్లు మార్చి మార్చి పెంచారు. చంపడానికైతే అంత ఓపిక ఎందుకు? కాస్త వేడి చాలు.

ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా ఉన్నట్టున్నారు, వాళ్లకో మాట. డెసిబెల్ అంటే సిగ్నల్ బలం ఎన్ని రెట్లు మారిందో చెప్పే కొలత. సిగ్నల్ 3 డెసిబెల్స్ అటెన్యుయేట్ అయితే పవర్ దాదాపు సగమవుతుంది. 10 అయితే పదో వంతు. 20 అయితే నూరో వంతు, ఇరవయ్యో వంతు కాదు. 'మైనస్ 20 డెసిబెల్స్ అటెన్యుయేషన్' అని రాయకండి. తగ్గుదల ఆ మాటలోనే ఉంది, మళ్లీ మైనస్ పెడితే పెరిగిందని అర్థం.

సరే, మళ్లీ టీకాకే వస్తాను. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు సాధారణంగా లైవ్ టీకాలు వేయరు. 'నిర్వీర్యం' అని చదివినావిడ ఫరవాలేదనుకోదూ? టీకాలు సరిగా అందని చోట, చుక్కల్లోని పోలియో వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, అరుదుగానైనా, పోయిన తీవ్రతను తిరిగి తెచ్చుకుంటుంది. చచ్చినదైతే ఎలా తెచ్చుకుంటుంది, మీరే చెప్పండి!

కాబట్టి 'తీవ్రత తగ్గించిన సజీవ వైరస్‌తో చేసిన టీకా' అని రాయండి. బాక్టీరియా అయితే బాక్టీరియా అనండి. పొడుగైందని ఎడిటర్ కత్తెర తీస్తే 'చేసిన' తీసేయనివ్వండి. 'సజీవ' జోలికి మాత్రం పోనివ్వకండి.