బ్రెడ్ మేకర్ కొనాలా వద్దా? మైదా, గోధుమపిండి రెండిటితోనూ చూద్దాం

నమస్తే అండీ. ఇదిగో, బ్రెడ్ మేకర్. 550 వాట్లు, నిలువు ప్యాన్, అడుగున తిరిగే ప్యాడిల్ ఒక్కటే. ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో చాలా మోడళ్లు ఇలాంటివే కాబట్టి, మీ బ్రాండ్ ఏదైనా ఈ వీడియో మీకు పనికొస్తుంది.

ముందే చెప్పేస్తాం. పిండి కలపడంలో దీనికి తిరుగులేదు. పొంగబెట్టడంలోనూ అంతే. కాల్చడం మాత్రం ఓ మోస్తరు. లోపల చూడండి, హీటర్ కాయిల్ ప్యాన్ కింది భాగం చుట్టూనే ఉంది, పైన ఏమీ లేదు. అందుకే పక్కలు ఎర్రగా కాలతాయి, పైభాగం పాలిపోయి ఉంటుంది. క్రస్ట్ సెట్టింగ్ డార్క్‌లో పెట్టినా కొంతే తేడా. బేకరీ బ్రెడ్ రంగు రావాలంటే ఓవెన్ ఉండాల్సిందే.

ఇక కొలతలు. మిషన్‌తో వచ్చే కప్పుని పక్కన పెట్టేయండి. వదులుగా పోస్తే ఒక లెక్క, నొక్కి నింపితే ఇంకో లెక్క. ఒకే కప్పులో మైదా 120 గ్రాములూ పట్టొచ్చు, 150 గ్రాములూ పట్టొచ్చు. చిన్న వేయింగ్ మెషిన్ కొనుక్కోండి. ప్లెయిన్ బ్రెడ్‌కి 400 గ్రాముల మైదా, 240 మి.లీ. నీళ్లు, 20 గ్రాముల నూనె లేదా వెన్న, 20 గ్రాముల చక్కెర, 7 గ్రాముల ఉప్పు, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, అంటే ఒకటింపావు టీస్పూను.

వేసే వరస ముఖ్యం. ముందు నీళ్లు, నూనె, ఉప్పు, చక్కెర. వాటి మీద పిండి మొత్తం కప్పేసినట్టు పోయండి. పైన వేలితో చిన్న గుంట చేసి అందులో ఈస్ట్. కలపడం మొదలయ్యేదాకా ఈస్ట్‌కి నీళ్లూ ఉప్పూ తగలకూడదు. పానసోనిక్ మోడళ్లలో ఇది తిరగేసి ఉంటుంది, నీళ్లు ఆఖర్న పోయమంటారు. అలాంటప్పుడు మాన్యువల్‌లో ఉన్న వరసే పాటించండి.

మెనూ బేసిక్, సైజు 750 గ్రాములు, స్టార్ట్. మొత్తం దాదాపు మూడు గంటలు. ఇప్పుడు అందరూ చేసే పొరపాటు ఏంటంటే, బటన్ నొక్కేసి వెళ్లిపోవడం. వెళ్లకండి. ఏడెనిమిది నిమిషాలయ్యాక మూత తీసి చూడండి, ఈ దశలో తీస్తే ఏమీ కాదు. ఇదిగో, ముద్ద ప్యాన్ గోడలకి అంటకుండా గుండ్రంగా తిరుగుతోంది. వేలితో నొక్కితే కొంచెం జిగురుగా ఉంది కానీ వేలికి పిండి రావట్లేదు. చపాతీ పిండి కంటే ఒక మెట్టు మెత్తగా ఉండాలి. అడుగున జారుడుగా పరుచుకుంటే ఒక టేబుల్ స్పూను పిండి చల్లండి. ప్యాడిల్ టకటకమంటూ ముద్ద రెండు ముక్కలై తిరుగుతుంటే ఒక టేబుల్ స్పూను నీళ్లు పోయండి. మూలల్లో ఉండిపోయిన పొడి పిండిని రబ్బరు గరిటెతో లోపలికి నెట్టండి. స్టీలు గరిటె వద్దు, నాన్‌స్టిక్ పోతుంది. బ్రెడ్ బాగుంటుందా లేదా అన్నది ఈ పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

గోధుమపిండి సంగతి వేరు. 400 గ్రాముల ఆటాకి 240 మి.లీ. నీళ్లు పోస్తే ఇటుకే. చక్కీలో రాళ్ల మధ్య నలిగినప్పుడు స్టార్చ్ బాగా దెబ్బతింటుంది, దెబ్బతిన్న స్టార్చ్ నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. దానికి తోడు పొట్టు గ్లూటెన్ పోగుల్ని, అంటే పిండిని సాగేలా చేసే ప్రోటీన్‌ని, తెంపేస్తుంది. కాబట్టి 300 మి.లీ. దాకా నీళ్లు పోయండి, 20 గ్రాముల గ్లూటెన్ పొడి కలపండి. ఇంకో చిట్కా ఉంది. ఈస్ట్, ఉప్పు లేకుండా ఆటా, నీళ్లు మాత్రం వేసి డో మోడ్‌లో, అంటే కాల్చకుండా పిండి కలిపి పొంగబెట్టే ప్రోగ్రామ్‌లో, ఐదు నిమిషాలు తిప్పి, ఆపేసి అరగంట వదిలేయండి. పొట్టు నానుతుంది. తర్వాత మిగతావి వేసి హోల్ వీట్ ప్రోగ్రామ్ పెట్టండి. ఇంత చేసినా మైదా బ్రెడ్ అంత ఎత్తు రాదు. సగం మైదా, సగం ఆటా అయితే పిల్లలు కూడా పేచీ పెట్టకుండా తింటారు.

పైభాగం మధ్యలో కుంగిపోయిందా? నీళ్లో ఈస్టో ఎక్కువైంది, లేదా ఉప్పు మర్చిపోయారు. ఎండాకాలంలో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఇది మామూలే. గదే 40 డిగ్రీలుంటే, మిషన్ లెక్క ప్రకారం కాలే టైమ్ రాకముందే పిండి పొంగడం అయిపోతుంది. ఫ్రిజ్ నీళ్లు వాడండి, ఈస్ట్ 3 గ్రాములకి తగ్గించండి. అసలు పొంగకపోతే ఈస్ట్‌నే అనుమానించండి. అర కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక స్పూను చక్కెర, అర స్పూను ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. నురగ రాకపోతే ఆ ప్యాకెట్ పారేయడమే. విప్పిన ప్యాకెట్ గాలి తగలని డబ్బాలో, ఫ్రీజర్‌లో ఉండాలి.

బీప్ రాగానే ప్యాన్ బయటికి తీసేయండి. లోపలే వదిలేస్తే ఆవిరి పట్టి బ్రెడ్ పక్కలు తడిసిపోతాయి. జాలీ మీద గంట ఆరాకే కోయాలి, వేడి మీద కోస్తే లోపల ముద్దగా అతుక్కుంటుంది. అడుగున ఈ బొక్క చూశారా, ప్యాడిల్ వదిలిన గుర్తు. చివరిసారి పిండిని తిప్పాక, ఆఖరి పొంగుకి ముందు, చేతికి నూనె రాసుకుని ప్యాడిల్ లాగేస్తే చిన్న రంధ్రమే మిగులుతుంది. ప్యాన్‌ని నీళ్లలో ముంచేయకండి, అడుగున ఉన్న బేరింగ్ సీల్ పాడవుతుంది. లోపల వేడినీళ్లు పోసి నానబెడితే చాలు, ఇరుక్కుపోయిన ప్యాడిల్ కూడా ఊడి వస్తుంది.

కరెంటు ఖర్చుకి భయపడక్కర్లేదు. హీటర్ గట్టిగా పనిచేసేది గంట లోపే, అదీ ఆగి ఆగి. ఒక లోఫ్‌కి అర యూనిట్ దాటదు. కరెంటు పోవడమే అసలు తలనొప్పి. చాలా మోడళ్లు పది నిమిషాల దాకా గుర్తుపెట్టుకుని ఆగినచోటి నుంచే కొనసాగిస్తాయి, అది దాటితే మళ్లీ మొదటికే. పొంగు పూర్తయ్యాక పోతే, వచ్చాక బేక్ మోడ్ ఒక్కటే పెట్టుకోండి. టైమర్ పెట్టి రాత్రంతా వదిలేసేవాళ్లు పాలు, గుడ్లు వేయొద్దు, పాడవుతాయి. పాలపొడి వాడండి.

మరి కొనాలా? వారానికి రెండుమూడు సార్లు బ్రెడ్ తినే ఇల్లయితే, లేదా పిజ్జా బేస్, పావ్ చేసుకునే అలవాటుంటే కొనండి. మా లెక్కలో దీని అసలు విలువ డో మోడ్‌లోనే. గంటన్నరలో పొంగిన పిండి చేతికొస్తుంది, కాల్చడం ఓవెన్‌కి వదిలేయొచ్చు. నెలకోసారి తినేవాళ్లకి మాత్రం వంటింట్లో చోటు దండగ.

అమెరికాలో ఉన్న పిల్లలతో జోజిరుషి లాంటి బ్రాండ్ల బ్రెడ్ మేకర్లు తెప్పించుకుందామనుకుంటున్నారా? అక్కడ అమ్మే మిషన్లు 120 వోల్ట్‌లవి, మన 230 వోల్ట్‌ల ప్లగ్‌లో పెడితే కాలిపోతాయి. కనీసం 1000 వీఏ సామర్థ్యమున్న, వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తుంది కానీ మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌ని అక్కడిలా 60 చేయలేదు, కాబట్టి ఏసీ మోటార్ అయితే నెమ్మదిగా తిరుగుతుంది. సూట్‌కేస్‌లో పెట్టించే ముందు మిషన్ అడుగున ఉన్న లేబుల్ ఫొటో తీసి పంపమనండి.