రాయల్ గేట్‌కు నప్పిన దూరం ఏది? – చర్చా కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంగ్లండ్‌లో జరిగే గుర్రప్పందెం ఆస్కట్ గోల్డ్ కప్ విజేతల పట్టికలో 1988కి ఎదురుగా శాడీమ్ పేరు కనిపిస్తుంది. ఆ రోజు ఐదు లెంత్‌ల (లెంత్ అంటే ఒక గుర్రం పొడవు) ఆధిక్యంతో అందరికన్నా ముందు గీత దాటింది మాత్రం రాయల్ గేట్. నాలుగేళ్ళ తర్వాత, తొమ్మిదేళ్ళ వయసులో, అదే గుర్రం చెల్టెన్‌హామ్‌లో, అడ్డంకులు (హర్డిళ్ళు) దూకుతూ పరుగెత్తే ఛాంపియన్ హర్డిల్ పందెం గెలిచింది. ఇంత చేసినా గొప్ప గుర్రాల మాట వచ్చినప్పుడు దాని ఊసెత్తేవారు తక్కువ. దానికి అసలు నప్పిన దూరం ఏది, హర్డిల్స్‌లో ఇంకా ఏం సాధించి ఉండేది అన్నవి ఈ రోజు మన ముందున్న ప్రశ్నలు. మనతో ఒక రేసు విశ్లేషకుడు, ఒక మాజీ జాకీ, గుర్రాలకు దూకడం నేర్పే ఒక శిక్షకురాలు ఉన్నారు. విశ్లేషకుడితో మొదలుపెడదాం.

విశ్లేషకుడు: నా దృష్టిలో ఇది పెద్ద చిక్కు ప్రశ్న కాదండీ. 1988లో లాంగ్‌షాంప్‌లో ప్రీ ద్యు కద్రాన్ గెలిచింది, అది 4,000 మీటర్ల పందెం. ఆస్కట్ గోల్డ్ కప్ రెండున్నర మైళ్ళు, అంటే దాదాపు అంతే దూరం. యూరప్‌లో ఫ్లాట్ గుర్రాల, అంటే అడ్డంకులు లేని పందేల్లో పరుగెత్తే గుర్రాల, దమ్మును పరీక్షించే పందేలలో ఈ రెండింటికీ పెద్ద పేరుంది. రెండింటిలోనూ ముందు నిలిచిన గుర్రాన్ని స్టేయర్ (దూర పందేలకు దమ్మున్న గుర్రం) అని కాక మరేమని పిలుస్తాం? కాబట్టి నప్పిన దూరం రెండున్నర మైళ్ళు. రెండు మైళ్ళ హర్డిల్ గెలిచిందంటే, అది దాని స్థాయి వల్ల గెలిచింది కానీ దూరం నప్పి కాదు.

మాజీ జాకీ: స్టేయర్ అనే మాటలో రెండు రకాల గుర్రాలు కలిసిపోతున్నాయి, అక్కడే నాకు పేచీ. మొదటి రకానిది మొదటి నుంచి చివరి వరకు ఒకే పరుగు; ఎదుటి గుర్రాలు అలసిపోతే అది గెలుస్తుంది, అలసిపోకపోతే ఓడిపోతుంది. రెండో రకం అంత దూరం పరుగెత్తిన తర్వాత కూడా అడిగిన క్షణంలో వేగం అందుకుంటుంది. రాయల్ గేట్ ఏ రకమో చెప్పడానికి ఆస్కట్‌లో జరిగిన ఆ గొడవే చాలు.

వ్యాఖ్యాత: ఆ గొడవ అందరికీ గుర్తుండకపోవచ్చు. కొంచెం వివరంగా చెప్పండి.

మాజీ జాకీ: చివరి మలుపు తర్వాత ఆస్కట్‌లో మిగిలే నేరు దారి చిన్నది, కాబట్టి వెనుక ఇరుక్కున్న జాకీకి ఆలోచించే వ్యవధి ఉండదు. రాయల్ గేట్ మీదున్న క్యాష్ అస్ముసెన్ ఖాళీ కోసం చూస్తున్నాడు. ముందున్న ఎల్ కాంక్విస్టడార్ అలసిపోయి జారిపోతోంది. ఇతను దారి చేసుకుని ముందుకు వచ్చే క్రమంలో రెండు గుర్రాలూ తగులుకున్నాయి, ఎల్ కాంక్విస్టడార్ మీదున్న టోనీ క్లార్క్ కింద పడ్డాడు. స్టీవార్డులు (పందెం న్యాయనిర్ణేతలు) అస్ముసెన్‌ది అజాగ్రత్త సవారీ అని తేల్చి గుర్రాన్ని చివరి స్థానానికి నెట్టారు. తర్వాత చేసుకున్న అప్పీలు కూడా నెగ్గలేదు. తీర్పు మంచిచెడ్డలు అలా ఉంచండి, తప్పు జాకీది కావచ్చు. నేను చూసేది ఒక్కటే: అంత దూరం పరుగెత్తి, ఒక గుర్రాన్ని ఢీకొని, లయ చెడి, ఆ తర్వాత కూడా మిగిలినవాటిని ఐదు లెంత్‌లు వెనక్కి వదిలింది. ఒకే పరుగు గుర్రానికి అది చేతకాదు.

శిక్షకురాలు: పుట్టుకలోనే దీనికి కారణం కనిపిస్తుంది. దీని తండ్రి గన్నర్ బి. అది 1978లో ఎక్లిప్స్ స్టేక్స్ గెలిచింది. అది మైలుంపావు పందెం, దమ్ము ఒక్కటే ఉంటే సరిపోదు, చురుకుదనం కావాలి. అదే గన్నర్ బి ఆ తర్వాత దూకే పందేల గుర్రాలకు తండ్రిగా పేరు తెచ్చుకుంది. 2001లో గ్రాండ్ నేషనల్ అనే పెద్ద దూకే పందెం గెలిచిన రెడ్ మరాడర్ దాని సంతానమే. తండ్రి నుంచి వేగమూ, దూకే తీరూ రెండూ వచ్చే అవకాశం ఉన్న గుర్రాన్ని ఫ్లాట్‌లో దూర పందేలు గెలిచింది కనుక మందకొడి అని లెక్కకట్టడం తొందరపాటు.

విశ్లేషకుడు: మందకొడి అని నేను అనలేదు. అయినా ఫ్లాట్ మీద రెండు మైళ్ళకూ హర్డిల్స్ మీద రెండు మైళ్ళకూ పోలిక లేదన్నది ఒప్పుకోవాలి కదా?

శిక్షకురాలు: నేను చెప్పదలచుకున్నదీ అదే. గోల్డ్ కప్‌లో పెద్ద వయసు గుర్రం మోసిన బరువు 9 స్టోన్‌లు, అంటే 57 కిలోలు. ఆనాటి ఛాంపియన్ హర్డిల్‌లో 12 స్టోన్‌లు, అంటే 76 కిలోలు. పైన 19 కిలోలు ఎక్కువ, మధ్యలో ఎనిమిది హర్డిళ్ళు, మార్చి నెల నేల, చివర చెల్టెన్‌హామ్ ఎక్కుడు దారి. ప్రతి హర్డిల్ దగ్గరా గుర్రం అడుగు కొలుచుకోవాలి, గాల్లోకి లేవాలి, నేల తాకగానే మళ్ళీ వేగం అందుకోవాలి. ఇలా ఎనిమిదిసార్లు చేసి ఆ ఎక్కుడు ఎక్కే గుర్రానికి కావలసిన దమ్ము, కాగితం మీద కనిపించే రెండు మైళ్ళకు సరిపడేదానికన్నా బాగా ఎక్కువ. దూరం పేరు ఒక్కటే అయినంత మాత్రాన పని ఒక్కటి కాదు. అందుకే ఛాంపియన్ హర్డిల్ దానికి మరీ చిన్నదైపోయిన దూరమని నేను అనుకోను.

మాజీ జాకీ: ఇది కొత్త సంగతి కూడా కాదండీ. సీ పిజన్ 1977లోనూ 1978లోనూ చెస్టర్ కప్ గెలిచింది, అది రెండుంపావు మైళ్ళ పందెం. 1980, 1981లలో ఛాంపియన్ హర్డిల్ కూడా గెలిచింది. దాని ఆయుధం చివరి హర్డిల్ తర్వాత వచ్చే వేగమే. అవతలి కొసన ఆల్డర్‌బ్రూక్ ఉంది. ఫ్లాట్‌లో మైలుంపావుకు దగ్గరి పందేల నుంచి వచ్చి 1995లో ఛాంపియన్ హర్డిల్ గెలిచింది. ఆ పందెం రెండు వైపుల నుంచి వచ్చినవాటికీ చోటిస్తుంది. చోటివ్వనిది వేగం మార్చలేని గుర్రానికే.

వ్యాఖ్యాత: అయితే 1992 ఛాంపియన్ హర్డిల్‌లో పోటీయే పలచగా ఉందన్న మాట తరచుగా వినిపిస్తుంది. గ్రాన్‌విల్ ఎగైన్ చివరి నుంచి రెండో హర్డిల్ దగ్గర పడిపోకపోతే ఫలితం వేరుగా ఉండేదంటారు.

విశ్లేషకుడు: నేను కూడా అలాగే అంటాను. గ్రాన్‌విల్ ఎగైన్ మరుసటి ఏడాది, 1993లో, అదే పందెం గెలిచింది. 1991 విజేత మోర్లీ స్ట్రీట్ 1992లో తన స్థాయికి చాలా దిగువన పరుగెత్తింది. ఒకటి పడిపోయి, ఇంకొకటి తేలిపోయిన పందెంలో అర లెంత్ తేడాతో వచ్చిన గెలుపును మరీ ఎత్తున నిలబెట్టలేం.

శిక్షకురాలు: హర్డిల్ మీద పడిపోవడం పరీక్షలో తప్పడమే కానీ దురదృష్టం కాదు. దూకడం రాకపోతే అది హర్డిల్ పందెం ఎలా అవుతుంది? రెండో స్థానంలో ఉన్న ఓ సో రిస్కీని చూడండి. అది 1991లో ట్రయంఫ్ హర్డిల్ గెలిచిన గుర్రం, 1994 ఛాంపియన్ హర్డిల్‌లోనూ ఫ్లేకీ డవ్ వెనుక రెండో స్థానంలో నిలిచింది. అలాంటి గుర్రాన్ని ఓడించిన గెలుపును పలచన అనడం సరికాదు. పైగా రాయల్ గేట్ అప్పటికి నోవిస్, అంటే ఆ సీజన్‌కు ముందు ఒక్క హర్డిల్ పందెం కూడా గెలవనిది. శిక్షకుడు జేమ్స్ ఫాన్‌షా న్యూమార్కెట్ శిబిరం నుంచి, గ్రహమ్ మెకోర్ట్ సవారీలో, హర్డిల్స్‌లో ఏళ్ళ తరబడి నలిగినవాటి మధ్యకు వెళ్ళింది. తొమ్మిదేళ్ళ వయసులో, మధ్యలో గాయంతో దీర్ఘకాలం ఆటకు దూరమై, ఒకే చలికాలంలో కొత్త విద్య నేర్చుకుంది. ఫ్లాట్ గుర్రం సహజంగా అడుగు సాచి పరుగెత్తుతుంది. హర్డిల్ ముందు ఆ అడుగును కుదించుకోవడం వయసు మళ్ళిన గుర్రానికి ఎంత కష్టమో నేర్పేవాళ్ళకు తెలుసు. ఆ గెలుపు విలువ అర లెంత్‌లో కొలిచేది కాదు.

విశ్లేషకుడు: నోవిస్ అన్న వాదనకు బలం ఉంది, కాదనను. అయినా గెలుపు తేడా కూడా ఆధారమే. దాన్ని పక్కన పెట్టి మాట్లాడితే ఏ గుర్రాన్నయినా గొప్పదని నిరూపించవచ్చు.

వ్యాఖ్యాత: ఇక మిగిలింది జరగని సంగతి. 1992 డిసెంబరులో ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్‌లో పందెం పరుగెత్తిన రాయల్ గేట్ కుప్పకూలి మరణించింది. అది బతికి ఉంటే 1993 మార్చిలో మీరు దాన్ని దేనికి పంపి ఉండేవారు?

శిక్షకురాలు: మూడు మైళ్ళ స్టేయర్స్ హర్డిల్‌కు. రెండున్నర మైళ్ళ ఫ్లాట్ దమ్ము, తండ్రి వైపు నుంచి వచ్చిన దూకే గుణం, రెండూ అక్కడ పూర్తిగా ఉపయోగపడతాయి. 2004లో బారకూడాను ఓడించి ఆ పందెం గెలిచిన ఐరిస్ గిఫ్ట్ కూడా గన్నర్ బి సంతానమే.

మాజీ జాకీ: నేనయితే పంపను. మూడు మైళ్ళలో పరుగు నెమ్మదిగా మొదలవుతుంది. అక్కడ దీని వేగం ఎవరికీ ప్రమాదం కాదు, దీనితో సమానంగా దమ్మున్నవి మరి నాలుగు దొరుకుతాయి. రెండు మైళ్ళలో పరుగు మొదటి హర్డిల్ నుంచే బిగుసుకుంటే మిగిలినవాటి దమ్ము చివరి ఎక్కుడు దగ్గర కరిగిపోతుంది. అప్పుడు దీని దగ్గర దమ్మూ ఉంటుంది, వేగమూ ఉంటుంది. నప్పిన దూరమంటే ఎదుటివాళ్ళకన్నా అదనంగా మన దగ్గర ఏదో ఒకటి మిగిలే దూరం.

విశ్లేషకుడు: విచిత్రంగా, నేనూ రెండు మైళ్ళకే ఓటు వేస్తాను, కారణం మాత్రం వేరు. అప్పటికి దానికి పదేళ్ళు నిండేవి. ఆ కాళ్ళ చరిత్రతో మూడు మైళ్ళ పందేనికి కావలసినంత సాధన చేయించడానికి నాకు ధైర్యం చాలదు.

శిక్షకురాలు: సాధన ఎక్కువ చేయించనక్కరలేదు, దమ్ము ముందే ఉన్న గుర్రానికి. రెండు మైళ్ళ కోసం పదునైన పరుగులు తీయించడమే ఆ కాళ్ళకు ఎక్కువ భారం.

మాజీ జాకీ: కాళ్ళ విషయంలో ఆమె మాటకు నేను ఎదురు చెప్పను. పందెం విషయంలో మాత్రం మారను.