డిజిటల్ కరెన్సీలు వస్తే డాలర్ పనైపోయినట్టేనా?

సుధ: రఘు గారూ, ఎంబ్రిడ్జ్ అని కొన్ని దేశాల కేంద్ర బ్యాంకులు కలిసి కట్టిన డిజిటల్ చెల్లింపుల వేదిక వచ్చింది, ఇక డాలర్ పని అయిపోయిందని వాట్సాప్‌లో రోజూ ఏదో ఒకటి తిరుగుతూనే ఉంది. అంత సీనుందా?

రఘు: అసలు అదేం చేస్తుందో చూద్దామండీ. థాయ్‌లాండ్ కంపెనీ ఒకటి దుబాయ్‌లో సరుకు కొన్నదనుకోండి. మామూలుగా అయితే థాయ్ కరెన్సీ బాత్‌ని డాలర్లు చేసి, న్యూయార్క్ బ్యాంకుల్లోని ఖాతాల మీదుగా తిప్పి, దుబాయ్ కరెన్సీ దిర్హమ్‌లు చేస్తారు. స్విఫ్ట్ అనే బ్యాంకుల నెట్‌వర్క్ మోసేది సందేశమే. డబ్బు కదిలేది ఆ ఖాతాల్లో. అవి అమెరికా చేతికి అందేవి కాబట్టి ఆంక్షలకు పదును అక్కడే. ఎంబ్రిడ్జ్‌లో రెండు దేశాల కేంద్ర బ్యాంకుల డిజిటల్ డబ్బు ఒకే లెడ్జర్ మీద, అంటే ఉమ్మడి ఖాతా పుస్తకంలో ఉంటుంది, ఒకే క్షణంలో చేతులు మారుతుంది. ఇటు కట్టేశాక అటు రాలేదన్న గొడవ ఉండదు.

సుధ: మరి జనం ఎందుకు ఎగబడట్లేదు?

రఘు: 2022లో ఎంబ్రిడ్జ్ ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు 20 బ్యాంకులు ఆరు వారాల్లో చేసిన లావాదేవీలు సుమారు 2.2 కోట్ల డాలర్లు. అదే ఏడాది విదేశీ మారక మార్కెట్లో రోజు వ్యాపారమే 7.5 లక్షల కోట్ల డాలర్లు, అందులో 88 శాతానికి ఒకవైపు డాలరే. బాత్ తీసుకుని దిర్హమ్ ఇచ్చేవాడు అవతల దొరకాలిగా? దొరికినా మార్జిన్ ఎక్కువ లాగుతాడు. డాలర్ మీదుగా చుట్టు తిరిగినా అదే చవక.

సుధ: అంటే టెక్నాలజీ సమస్య కాదంటారు.

రఘు: కానే కాదు. మన రూపాయి సంగతే చూడండి. 2022 జులైలో ఆర్‌బీఐ రూపాయి వోస్ట్రో ఖాతాలకు, అంటే విదేశీ బ్యాంకులు మన బ్యాంకుల్లో రూపాయల్లో తెరిచే ఖాతాలతో వ్యాపారం చేసుకోడానికి వీలు కల్పించింది. రష్యా మనకు చమురు బోలెడు అమ్మింది, మన దగ్గర కొన్నది తక్కువ. రూపాయలు పేరుకుపోయాయి, వాడుకోలేకపోతున్నామని 2023 మేలో గోవాలో రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ బాహాటంగానే అన్నారు. వాటిని ఆర్‌బీఐ డిజిటల్ కరెన్సీ ఈ-రూపాయిగా మార్చినా ఖర్చుపెట్టే చోటు పుట్టుకురాదు కదండీ. అదే మామూలుగా ఏ దేశానికైనా డాలర్లు మిగిలితే ట్రెజరీ బిల్లులు, అంటే అమెరికా ప్రభుత్వ స్వల్పకాలిక రుణపత్రాలు కొని పడేస్తారు.

సుధ: స్టేబుల్‌కాయిన్లు, అదే ఒక కరెన్సీ విలువకు ముడిపెట్టిన క్రిప్టో కాయిన్లు మాత్రం డాలర్‌కి పోటీయేగా?

రఘు: పోటీనా! అవి డాలర్‌కి కొత్త బ్రాంచీలు. దాదాపు అన్నీ డాలర్‌కే ముడిపడ్డవి. 2025 జులై 18న సంతకమైన అమెరికా స్టేబుల్‌కాయిన్ల చట్టం, జీనియస్ చట్టం ప్రకారం ప్రతి కాయిన్‌కీ నగదో, 93 రోజుల్లోపు గడువున్న ట్రెజరీ బిల్లుల్లాంటివో నిల్వ ఉండాలి. జారీ చేసినవాళ్లు వడ్డీ ఇవ్వకూడదు. అర్జెంటీనాలో ఒకాయన పెసో వదిలించుకుని కాయిన్ కొంటే, వడ్డీ లేకుండా అమెరికా సర్కారుకు అప్పిచ్చినట్టే లెక్క.

సుధ: నిల్వ ఉంటే ఇక భయం లేదన్నమాట?

రఘు: ఎక్కడుందన్నది ముఖ్యం. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు శుక్రవారం మూతపడింది. యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అందులో ఇరుక్కున్నాయి. బ్యాంకులకు శని, ఆదివారాలు సెలవు, కాయిన్‌కి సెలవు లేదు. ఒక డాలర్ పలకాల్సిన కాయిన్ 88 సెంట్ల దాకా జారింది. డిపాజిట్లకు పూచీ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించాకే తేరుకుంది.

సుధ: అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంటికి వీటితో పంపితే కలిసొస్తుందా?

రఘు: పంపడం చవకే, రూపాయల్లోకి మార్చుకునే దగ్గరే దెబ్బ. ఇక్కడ అమ్మితే 1 శాతం టీడీఎస్, లాభమొస్తే 30 శాతం పన్ను. పీటూపీలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే చోట, ముక్కూమొహం తెలియనివాడికి అమ్మారా, వాడు వేసింది సైబర్ మోసం సొమ్మైతే పోలీసులు ముందు ఫ్రీజ్ చేయించేది హైదరాబాద్‌లో ఉన్న మీ నాన్నగారి ఖాతానే.