ఆగిన ప్రతిసారీ ఒక కాగితం: మొరాయిస్తున్న ఎలక్ట్రిక్ ట్రక్కులపై చర్చ

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: విజయవాడలో సరుకు రవాణా చేసే ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు యజమాని, ఆటోనగర్‌లో చాలాకాలం డీజిల్ బండ్లు చూసి ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్ల పని చేస్తున్న మెకానిక్, వినియోగదారుల కమిషన్‌లో వాదించే న్యాయవాది.)

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. డీజిల్ ఖర్చు భరించలేక ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు కొన్నవారిలో చాలామంది దానితో సుఖంగానే ఉన్నారు. అయితే బండి పదే పదే రోడ్డు మీద ఆగిపోయే యజమాని పరిస్థితి వేరు. అతని ఆదాయం ఆగుతుంది, కిస్తీ మాత్రం ఆగదు. ఈరోజు అలాంటి యజమాని మన మధ్య ఉన్నారు. ఆయన వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు, షోరూం పేరు చెప్పవద్దని ముందే కోరాం. అయ్యా, మొదట మీ అనుభవం చెప్పండి.

యజమాని: నమస్కారమండి. నేను గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి పటమట, బెంజ్ సర్కిల్ వైపు కిరాణా దుకాణాలకు సరుకు చేరవేస్తాను. పద్నాలుగు నెలల క్రితం 9 లక్షల 80 వేలకు ఈ బండి కొన్నాను. మొదటి ఐదు నెలలు దాన్ని మెచ్చుకోనివారు లేరు. ఆరో నెలలో ఒకరోజు తెల్లవారుజామున తాళం తిప్పితే డాష్‌బోర్డు వెలగనే లేదు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బండి, రాయిలా కదలకుండా కూర్చుంది. వాళ్లు వచ్చి చిన్న బ్యాటరీ మార్చి వెళ్లారు. ఆ తర్వాత వానల్లో కనకదుర్గ ఫ్లైఓవర్ మీద డాష్‌బోర్డులో శక్తి తగ్గిందని చెప్పే తాబేలు బొమ్మ వెలిగింది, వేగం పడిపోయింది, రెండు నిమిషాల్లో బండి పూర్తిగా నిలిచిపోయింది. వెనక నూనె డబ్బాలు, కందిపప్పు బస్తాలు ఉన్నాయి. టార్పాలిన్ ఒక వైపు సర్దితే ఇంకో వైపు లేచిపోతోంది. మూడు గంటలు అక్కడే నిలబడి, చివరికి వేరే ఆటో మాట్లాడుకుని సరుకు మార్పించాను. బస్తాల్లో నాలుగు అడుగున తడిశాయి, ఆ నష్టం నేనే కట్టుకున్నాను.

సమన్వయకర్త: వర్క్‌షాపులో ఏమన్నారు?

యజమాని: అదే నాకు బాధ కలిగించిన విషయమండి. బండి వాళ్ల షెడ్డుకు చేరి, రెండు రోజులు ఎండలో ఉండి, మూడో రోజు మామూలుగా నడిచింది. లోపం ఏమీ కనిపించలేదని రాసి ఇచ్చారు. పది రోజులకు మళ్లీ వాన పడింది, మళ్లీ ఆగింది. ఇప్పటికి నాలుగుసార్లు ఆగింది, 41 రోజులు వాళ్ల షెడ్డులోనే ఉంది. ప్రతి నెలా 5వ తేదీన 19,400 రూపాయల కిస్తీ మాత్రం కట్ అవుతూనే ఉంది. రెండు దుకాణాలవాళ్లు నన్ను నమ్మలేక వేరే బండికి మారిపోయారు. వాళ్లను తప్పు పట్టలేను. పప్పు రాకపోతే వాళ్ల గిరాకీ పోతుంది.

సమన్వయకర్త: మెకానిక్ గారూ, రాత్రంతా ఛార్జింగ్ ఎక్కిన బండి పొద్దున్నే ఎందుకు లేవదు? చాలామందికి అర్థం కాని సంగతి ఇది.

మెకానిక్: ఎలక్ట్రిక్ బండిలో రెండు బ్యాటరీలు ఉంటాయండి. బండిని నడిపించేది పెద్దది. దానితో పాటు మామూలు బండ్లలో ఉన్నట్టే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు మోటారుకు పోవాలంటే మధ్యలో కాంటాక్టర్ అనే స్విచ్చు మూసుకోవాలి, దాన్ని మూసేది ఈ చిన్న బ్యాటరీ శక్తే. అది చచ్చిపోతే పెద్ద దాంట్లో తొంభై శాతం ఛార్జి ఉన్నా అది తాళం పోయిన బీరువాలో డబ్బు లాంటిదే. అయితే చిన్న బ్యాటరీ మార్చేసి పంపడం పూర్తి వైద్యం కాదు. దాన్ని ఛార్జి చేసే డీసీ-డీసీ కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తోందా, బండి ఆపేసిన తర్వాత కూడా ఏదైనా పరికరం నిద్రపోకుండా కరెంటు లాగుతోందా అన్నది కొలిచి చూడాలి. కొలవకుండా మార్చితే ఆ కొత్తదీ కొన్నాళ్లకు అదే దారి పడుతుంది.

సమన్వయకర్త: వానలో ఆగి, ఎండలో నడవడం?

మెకానిక్: వినగానే నా అనుమానం ఇన్సులేషన్ మీదికి వెళ్తుంది. పెద్ద బ్యాటరీ కరెంటు ఎక్కడా బండి బాడీకి తగలకూడదు. తగులుతోందేమోనని బండి తనను తాను ఎప్పటికప్పుడు కొలుచుకుంటూ ఉంటుంది. నారింజ రంగు కేబుళ్లు కలిసే ఏదో ఒక కనెక్టర్‌లో రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే తడి లోపలికి పోతుంది, ఆ కొలత పడిపోతుంది, మనిషికి షాకు కొట్టకుండా బండి శక్తి తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. తడి ఆరాక కొలత మళ్లీ మామూలుగా వస్తుంది. కాబట్టి లోపం కనిపించలేదన్న మాట ఆ రోజుకు నిజమే కావచ్చు. కానీ ఆ బండిని తడిపి చూడకుండా ఆ మాట రాయడం సరైన పని కాదని నేను గట్టిగా అనుకుంటాను. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ నారింజ కేబుళ్ల జోలికి ఎవరూ సొంతంగా వెళ్లవద్దు, అక్కడ ఉండేది ప్రాణం తీసే వోల్టేజి. బండి ఆగినప్పుడు తాడు కట్టి లాగించుకోవద్దు కూడా. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, బాగున్న భాగాలు పాడవుతాయి. బండిని మొత్తంగా ఎక్కించుకుని వెళ్లే వాహనమే పిలవాలి.

సమన్వయకర్త: ఆటోనగర్‌లో ఎంత పాత లారీకైనా ప్రాణం పోసే మేస్త్రీలు ఉన్నారని పేరు. ఈయన మీ దగ్గరికే వచ్చి బాగు చేయించుకోవచ్చు కదా?

మెకానిక్: నాకూ ఆ కోరిక ఉందండి. డీజిల్ ఇంజిన్ అయితే చెవితో విని జబ్బు చెప్పగలం. ఈ బండి జబ్బు దాని కంప్యూటర్‌లో కోడ్ రూపంలో ఉంటుంది. మామూలు స్కానర్‌తో కొన్ని కోడ్లు చదవగలను. బ్యాటరీ లోపలి వివరాలు మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్‌కే తెరుచుకుంటాయి. బయట విప్పితే వారంటీ పోతుందంటారు. మరమ్మతు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలు కూడా ఆ పరిధిలో ఉన్నాయి. ఆ పని చట్టంగా మారి, నాలాంటివాడి చేతికి ఆ సమాచారం రావాలి. అప్పటివరకు యజమాని చేయగలిగిన ముఖ్యమైన పని ఒకటి ఉంది. బండి ఆగినప్పుడు పడిన కోడ్లను వర్క్‌షాపులో ల్యాప్‌టాప్ పెట్టి చదువుతారు, వెంటనే చెరిపేస్తారు. చెరపకముందే ప్రింటు ఇమ్మని అడగాలి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ కొలత పడిపోయిందో అందులో ఉంటుంది. చెరిపేశాక బండి ఏమీ ఎరగని బండి అవుతుంది.

సమన్వయకర్త: న్యాయవాది గారూ, ఈ ప్రింటుకు మీ దగ్గర ఎంత విలువ?

న్యాయవాది: చాలా విలువ ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది కోపంతో వస్తారు, కాగితాలతో రారు. బండి నాలుగుసార్లు ఆగిందని మనం అంటాం, రెండుసార్లు మామూలు సర్వీసుకే వచ్చిందని అవతలివారు అంటారు. బండి తీసుకునేటప్పుడు వర్క్‌షాపువాళ్లు రాసే జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లో రాసి ఉండాలి. వానలో ఫ్లైఓవర్ మీద పూర్తిగా ఆగిపోయింది అని మీరు చెబితే జనరల్ చెకప్ అని రాసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా రాస్తే సంతకం పెట్టకండి. బండి ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం, ఈ నాలుగూ ప్రతి కార్డులో ఉండాలి. ఇవన్నీ వరుసగా పేర్చితే, ఇది ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తున్న వ్యవహారమని ఆ కాగితాలే చెబుతాయి.

యజమాని: మేడమ్, నాకు ఒక సందేహం. ఇది సరుకు బండి, వ్యాపారానికి కొన్నది. వినియోగదారుల చట్టం నాకు వర్తించదని షోరూంలో ఒకాయన అన్నారు. ఆ మాటతోనే నేను ఆరు నెలలు మాట్లాడకుండా ఊరుకున్నాను.

న్యాయవాది: ఆ మాట మీ విషయంలో తప్పండి. ఈ సంగతి చూస్తున్నవారందరికీ తెలియాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని పక్కన పెట్టిన మాట వాస్తవమే. కానీ స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి మాత్రమే కొన్నది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని అదే చట్టంలో వినియోగదారుడి నిర్వచనం కింద వివరణ ఉంది. 1995లో సుప్రీంకోర్టు లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో సరిగ్గా మీలాంటివారినే ఉదాహరణగా తీసుకుంది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్నవాడు, సొంతంగా తిప్పుకోవడానికి ట్రక్కు కొన్నవాడు వినియోగదారుడేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని చెప్పింది. పది బండ్లు కొని డ్రైవర్లను పెట్టి తిప్పేవారి పరిస్థితి వేరు. మీ బండి మీరే నడుపుతారు కదా?

యజమాని: నేనే నడుపుతానండి. లోడు దించడానికి మా బావమరిది కొడుకు వస్తాడు.

న్యాయవాది: అతను వచ్చినా మీకు నష్టం లేదు. మీరు విజయవాడలో ఉంటున్నారు కాబట్టి కంపెనీ ఎక్కడ ఉన్నా ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించిన ధర పది లక్షలలోపు ఉంది, రుసుము 200 రూపాయలే. సమస్య పుట్టిన రెండేళ్లలోపు వేయాలి, అందువల్ల ఊరుకున్న ఆ ఆరు నెలల గురించి దిగులు వద్దు గానీ ఇక ఆలస్యం చేయవద్దు. దానికంటే ముందు డీలరుకు మాత్రమే కాకుండా తయారీ కంపెనీకి కూడా రాతపూర్వకంగా నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించడం కూడా మంచిదే, కొన్ని వ్యవహారాలు అక్కడే పరిష్కారమవుతాయి.

సమన్వయకర్త: బండి మార్చి కొత్తది ఇవ్వమని కమిషన్ ఆదేశిస్తుందా? ఎక్కువమంది ఆశ అదే.

న్యాయవాది: చట్టంలో ఆ అధికారం ఉంది. లోపం సరిచేయమనవచ్చు, వస్తువు మార్చమనవచ్చు, డబ్బు తిరిగి ఇవ్వమనవచ్చు, నష్టపరిహారం ఇప్పించవచ్చు. కానీ 2006లో ఒక కారు కేసులో, వారంటీ లోపభూయిష్టమైన భాగాన్ని మార్చడానికే పరిమితమైనప్పుడు కారు మొత్తం మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు అన్నది. కాబట్టి కొత్త బండి కావాలని ఒక్క మాటే పట్టుకుని కూర్చుంటే నష్టపోతారు. అమెరికాలో 1982లో కనెక్టికట్‌తో మొదలై రాష్ట్రాలన్నీ లెమన్ చట్టాలు, అంటే ఎన్నిసార్లు బాగు చేసినా మొరాయించే కొత్త బండి కొన్నవారిని కాపాడే చట్టాలు, చేసుకున్నాయి. కాలిఫోర్నియాలో మొదటి 18 నెలలు లేదా 18,000 మైళ్లలోపు బండి 30 రోజులకు మించి వర్క్‌షాపులో ఉంటే, తగినన్ని అవకాశాలు ఇచ్చినా కంపెనీ బాగు చేయలేకపోయిందని చట్టమే భావిస్తుంది. అక్కడ పికప్ ట్రక్కు కొన్న మన తెలుగువారికి ఆ లెక్క ఆసరాగా ఉంటుంది. మనకు అలాంటి లెక్క లేదు. మీ 41 రోజులు చాలా ఎక్కువని మనమే కమిషన్‌కు రుజువు చేయాలి. మనకూ అలాంటి చట్టం రావాలన్నది నా అభిప్రాయం.

మెకానిక్: ఒక్క మాట, మేడమ్. బండి మొత్తం మార్చమనడం, బ్యాటరీ మొత్తం మార్చమనడం నాకూ సరైన మందుగా అనిపించదు. రూపాయి సీలు పోయినచోట లక్షల రూపాయల బ్యాటరీ మార్చినా, అదే కనెక్టర్ మళ్లీ అక్కడే ఉంటుంది. ఏ లోపమో తేల్చి రాతలో ఇవ్వమనడం ముందు జరగాలి.

న్యాయవాది: ఒప్పుకుంటాను. కమిషన్ కూడా అవసరమైతే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపిస్తుంది. అందుకే ఫిర్యాదులో వాన పరిస్థితిలో పరీక్షించాలని స్పష్టంగా కోరమంటున్నాను.

సమన్వయకర్త: ఒకే మోడల్‌లో చాలా బండ్లకు ఇదే లోపం ఉంటే?

న్యాయవాది: అప్పుడది రీకాల్ పరిధిలోకి రావచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, డ్రైవరుకు గానీ రోడ్డు మీద ఉన్నవారికి గానీ హాని చేయగల లోపమైతే బండ్లను వెనక్కి పిలిపించమని కేంద్రం ఆదేశించవచ్చు. ఆ నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఫ్లైఓవర్ మీద బండి నిలిచిపోవడం భద్రత విషయమే. అమెరికాలో 2024 నవంబరులో బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టర్ లోపం వల్ల చక్రాలకు శక్తి ఆగిపోయే ప్రమాదం ఉందని టెస్లా కంపెనీ ఎలక్ట్రిక్ పికప్‌లైన 2,431 సైబర్‌ట్రక్కులను రీకాల్ చేశారు. ఇక్కడ తగినంతమంది యజమానులు ఫిర్యాదు చేయకపోతే ప్రభుత్వానికి తెలిసే దారి సన్నగా ఉంటుంది.

యజమాని: బండి ఇంత సతాయిస్తున్నప్పుడు కిస్తీ కట్టడం ఆపేస్తే ఏమవుతుందండి? ఇంట్లో అదే అడుగుతున్నారు.

న్యాయవాది: దయచేసి ఆపవద్దు. అప్పు ఇచ్చినవారితో మీ ఒప్పందం వేరు, బండి అమ్మినవారితో వేరు. కిస్తీ ఆగితే బండి జప్తు చేస్తారు, మీ సిబిల్ స్కోరు పడిపోతుంది, కేసులో చూపించాల్సిన బండే మీ చేతిలో ఉండదు. కట్టిన కిస్తీలు, పోయిన రోజుల ఆదాయం, వేరే ఆటోకు ఇచ్చిన కిరాయి, తడిసిన బస్తాల విలువ, ఇవన్నీ నష్టపరిహారంలో అడగండి. ఆ ఆటో కిరాయికి రసీదు ఉందా?

యజమాని: రసీదు లేదండి. ఫోన్‌పేలో పంపాను, అది ఉంటుంది.

న్యాయవాది: అది సరిపోతుంది. ఈ కవరులో ఉన్నవి మీ జాబ్ కార్డులేనా? చూపించండి. ఇది మొదటిది, ఇది రెండోది. రెండోదానిలో కిలోమీటర్లు 11,212 అని ఉంది. మూడోదానిలో ఆ గడి ఖాళీగా ఉంది, బండి తిరిగి ఇచ్చిన తేదీ కూడా రాయలేదు. లోపం కనిపించలేదని రాసింది ఈ రెండోదాని మీదే కదా, దాని మీద వాళ్ల సంతకమే లేదు.

మెకానిక్: నాలుగోసారి కోడ్లు చెరిపేశారా?

యజమాని: లేదండి. బండి నిన్న సాయంత్రమే వాళ్ల షెడ్డుకు చేరింది. ఇంకా ల్యాప్‌టాప్ పెట్టలేదన్నారు.

మెకానిక్: అయితే వాళ్లు మొదలుపెట్టే సమయానికి మీరు అక్కడ ఉండాలి.

యజమాని: తొమ్మిదింటికి షెడ్డు తెరుస్తారండి. ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉంటాను. ఆ రెండు కార్డులూ కూడా పట్టుకెళ్తాను.