నాయనమ్మ పేరు, నవల మీది పేరు

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లలో ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెట్టడం మామూలే. పెట్టాక, అత్తగారు వింటుండగా ఆ పిల్లను పేరు పెట్టి తిట్టలేక కోడలు అవస్థ పడటమూ మామూలే. ఫ్రెంచి నవలా రచయిత్రి జార్జ్ సాండ్ వంశంలోనూ ఈ పద్ధతే కనిపిస్తుంది.

1804లో పారిస్‌లో పుట్టిన ఆవిడను ఇంట్లో పిలిచిన పేరు అరోర్. తండ్రి పేరు మోరిస్. ఆ తండ్రిని కన్న తల్లి పేరు ‘మరీ అరోర్’. మరీ అరోర్ తండ్రి కూడా మోరిసే, ఫ్రాన్స్‌కు యుద్ధాలు గెలిచిపెట్టిన సేనాధిపతి. ఆయన తల్లి మళ్లీ అరోరా! నాయనమ్మకీ మనవరాలికీ ఒకటే పేరు, మధ్యలో ఒక మోరిస్.

ఆవిడకు నాలుగేళ్లప్పుడు తండ్రి గుర్రం మీంచి పడి చనిపోయాడు. నోఆన్ అనే పల్లెలో నాయనమ్మే పెంచింది. తల్లి పారిస్‌లో పిట్టలమ్ముకునే ఆయన కూతురు, నాయనమ్మ గొప్పింటి మనిషి. అత్తాకోడళ్లకు పడలేదు. వాళ్లిద్దరి మధ్య నలిగింది పసిపిల్లే. 1821లో నాయనమ్మ పోతూ ఇల్లు ఈ మనవరాలికే వదిలింది.

తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, భర్తతో పొసగకపోవడం. 1831లో రాసి బతుకుదామని పారిస్ చేరింది. ఆడవాళ్ల పల్చటి చెప్పులు ఆ బురద వీధుల్లో రెండ్రోజులకే పాడయ్యేవి. అందుకని మందపాటి బూడిదరంగు కోటు, ప్యాంటు, మడమకు ఇనుప నాడా కొట్టిన బూట్లు వేసుకుంది. ఆ బూట్లంటే ఎంత ఇష్టమో ఆత్మకథలో మురిసిపోతూ రాసుకుంది. అత్తగారు మాత్రం మా ఇంటిపేరు పుస్తకాల మీద అచ్చు వేయించొద్దని ముందే చెప్పేసింది. పుస్తకాల మీద ఎవరి పేరుండాలో కూడా అత్తగారే తేల్చాలన్నమాట!

స్నేహితుడు జూల్ సాందోతో కలిసి రాసిన నవలకు ఆయన పేరులో సగం తీసి సాండ్ అని పెట్టారు. 1832లో ఒక్కతే రాసిన ‘ఇండియానా’కు ఆ సాండ్‌నే ఉంచుకుంది. ముందు జార్జ్ తగిలించుకుంది. అరోర్ అట్టమీదికి ఎక్కనేలేదు.

ఇంట్లో మాత్రం వరస తప్పలేదు. కొడుక్కి మోరిస్ అని పెట్టింది. అతనికి 1866లో ఆడపిల్ల పుడితే అరోర్ అన్నారు. ముసలితనంలో సాండ్ ‘నాయనమ్మ కథలు’ రాసింది ఈ పిల్లకూ, దాని చెల్లెలికీ. ఆ మనవరాలు పెద్దయ్యాక తానూ పుస్తకాలు రాసింది. వాటి మీద వేసుకున్న పేరు అరోర్ సాండ్. ఇంటిపేరు చూస్తే నాయనమ్మ కల్పించుకున్నది, సొంత పేరు చూస్తే అట్ట మీద లేకుండా చేసుకున్నది. 1961 దాకా బతికిన ఆవిడే నోఆన్ ఇంటిని ప్రభుత్వానికి అప్పగించింది.