ఈఆర్‌జీ ఫ్లాట్ వచ్చిందా? ఎఫ్‌ఎస్‌టీ చేసి చూడండి

నమస్తే అండి. ఈఆర్‌జీలో, అంటే ఎలక్ట్రోరెటినోగ్రామ్ అనే కంటి పరీక్షలో, గీత ఫ్లాట్‌గా రాగానే "రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే పొర) మొత్తం పోయింది" అని పేషెంటుకు చెప్పేస్తుంటారు, దయచేసి ఆ మాట అనకండి. ఈఆర్‌జీ రెటీనా అంతా కలిసి ఇచ్చే కరెంటును కొలుస్తుంది, అక్కడక్కడా బతికున్న కాసిని కణాల సిగ్నల్ నాయిస్‌లో కలిసిపోతుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి, రెటీనా మెల్లగా దెబ్బతినే జబ్బుల్లో గీత ఎప్పుడో ఫ్లాట్ అయినా, కిటికీ ఎటుందో చెప్పగలిగేవాళ్లు ఉంటారు. వాళ్లలో మిగిలిన చూపును కొలవడానికే ఎఫ్‌ఎస్‌టీ, అంటే ఫుల్ ఫీల్డ్ స్టిములస్ థ్రెషోల్డ్ టెస్ట్.

ముందు డ్రాప్స్ వేసి, కంటిపాప పెద్దదయ్యాక చిమ్మచీకట్లో కూర్చోబెట్టాలి. నేను 45 నిమిషాలు ఉంచుతాను. ఈలోగా తోడొచ్చినవాళ్ల ఫోన్ వెలిగిందంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. తలుపు కింద సందు కూడా చూసుకోండి.

తర్వాత రెండో కంటికి వెలుతురు దూరకుండా ప్యాచ్ వేసి, పేషెంటును డోమ్‌ (లోపలంతా వెలుగు పరుచుకునే గిన్నెలాంటి భాగం) ముందు కూర్చోబెట్టండి. వెలుగు డోమ్ అంతా ఒకేలా వస్తుంది కాబట్టి చూపు ఒకచోట నిలపక్కర్లేదు, కనుగుడ్లు అదురుతున్నా ఫర్వాలేదు. బీప్ వస్తుంది, ఫ్లాష్ కనపడితే ఒక బటన్, కనపడకపోతే ఇంకోటి. మెషీన్ వెలుగును పెంచుతూ తగ్గిస్తూ, సగంసార్లు కనపడే స్థాయిని థ్రెషోల్డ్‌గా లెక్కకడుతుంది. 10 డెసిబెల్స్ అంటే పది రెట్ల తేడా, 20 అంటే వంద రెట్లు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఈ జబ్బున్న చాలామందికి చీకట్లో కళ్లలో వాటంతటవే మెరుపులు కనపడుతుంటాయి. "మేడం, అది మీ లైటా, నా కంట్లోదా?" అని ఒకావిడ బటన్ మీద వేలు అలాగే ఉంచి అడిగారు, చాలా సరైన ప్రశ్న. అందుకే టెస్టుకు ముందే ఆ మెరుపుల గురించి అడగండి, గట్టి ఫ్లాష్ ఒకటి చూపించి "ఇలా ఉంటుంది" అని చెప్పండి. మధ్యలో వెలుగు లేని ఖాళీ బీప్‌లు కూడా వస్తాయి, వాటికి కూడా "కనపడింది" అని ఎక్కువసార్లు నొక్కితే ఆ రీడింగ్‌ని నమ్మకండి. కాసేపు ఆగి మళ్లీ చేయండి, మీరు విసుక్కున్నారంటే వాళ్లు టెన్షన్‌లో ఏదో ఒకటి నొక్కేస్తారు.

నాకు బాగా నచ్చేది రంగుల భాగం. రెటీనాలో మసక వెలుగును చూసే కణాలు రాడ్స్, పగటి వెలుగును, రంగులను చూసేవి కోన్స్. రాడ్స్‌కి నీలం అంటే చాలా చురుకు, ఎరుపు అంటే మందం. ఎరుపు కన్నా సుమారు 20 డెసిబెల్స్ పైగా మసకగా ఉన్న నీలం కూడా కనపడుతోందంటే రాడ్స్ ఇంకా పనిచేస్తున్నాయన్నమాట. రెండూ దాదాపు ఒకే స్థాయిలో ఆగిపోతే చూసేది కోన్స్ మాత్రమే. ఫ్లాట్ ఈఆర్‌జీ ఈ తేడా చెప్పలేదు.

2017 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపానికి ఇచ్చే జీన్ థెరపీ ట్రయల్‌లో కూడా ఈ టెస్ట్ వాడారు. చికిత్స తీసుకున్నవాళ్లు సగటున వంద రెట్లకు పైగా మసకైన వెలుగును గుర్తించగలిగారు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఎఫ్‌ఎస్‌టీ రెటీనాలో అన్నిటికన్నా చురుగ్గా ఉన్న భాగం గురించే చెబుతుంది, అది ఎక్కడుందో చెప్పదు. చూపు నిలపగలిగే పేషెంటైతే దానికి మైక్రోపెరిమెట్రీ (రెటీనాలో ఏ చోట ఎంత చూపుందో చుక్క చుక్కగా కొలిచే టెస్ట్) చేయండి.